చిక్కంతా దూరంతోనే

ఒక గెలాక్సీ మన నుంచి ఎంత వేగంగా దూరమవుతోందో చెప్పడం ఇవాళ పెద్ద పనేం కాదు. దాని కాంతిని టెలిస్కోపుతో పట్టి వర్ణపటంగా విడదీస్తే, రంగుల మధ్య అక్కడక్కడా నల్లటి గీతలు కనిపిస్తాయి. వాటిలో కాల్షియం వల్ల పడే గీతలు రెండు ఎప్పుడూ జంటగా ఉంటాయి, గుర్తుపట్టడం తేలిక. ప్రయోగశాలలో చూస్తే ఈ జంటలో ఒకటి 393.4 నానోమీటర్ల దగ్గర, రెండోది 396.8 దగ్గర పడుతుంది. మనం చూస్తున్న గెలాక్సీలో మొదటి గీత 413 దగ్గర కనిపించిందనుకుందాం. అంటే కాంతి తరంగం దారిలో ఐదు శాతం సాగింది. కాంతి వేగంలో ఐదు శాతం, సెకనుకు 15 వేల కిలోమీటర్లు. లెక్క అయిపోయింది.

సరే, ఆ గెలాక్సీ ఎంత దూరాన ఉంది? ఇక్కడికొచ్చేసరికి వందేళ్లుగా ఖగోళ శాస్త్రజ్ఞులు తలలు పట్టుకుంటున్నారు. ఆకాశంలో కనిపించే మసక చుక్క దగ్గరలో ఉన్న చిన్న దీపమో, చాలా దూరాన ఉన్న పెద్ద దీపమో దాన్ని చూసి చెప్పలేం. కాంతిలో వేగం రాసి ఉంటుంది, దూరం రాసి ఉండదు.

వేగాన్ని దూరంతో భాగిస్తే వచ్చేదే విశ్వం విస్తరించే రేటు. దాన్నే హబుల్ స్థిరాంకం అంటారు. భాగహారంలో పైన ఉన్న అంకెతో పేచీ లేదు. పేచీ అంతా కింద ఉన్న అంకెతోనే. 1929లో ఈ స్థిరాంకం 500. 1956కి 180. 1958లో 75. ఆ తర్వాత పాతికేళ్లు కొందరు 50 అన్నారు, కొందరు 100 అన్నారు. ఇప్పుడు 67కీ 73కీ మధ్య తగువు నడుస్తోంది. ఇన్నేళ్లలో ఆకాశంలో మారిందేమీ లేదు. మారినవన్నీ మన కొలతలే.

ఈ అంకెల కొలమానం కాస్త వింతగా ఉంటుంది: సెకనుకు ఇన్ని కిలోమీటర్లు, ఒక్కో మెగాపార్సెక్ దూరానికి. మెగాపార్సెక్ అంటే 32 లక్షల 60 వేల కాంతి సంవత్సరాలు. స్థిరాంకం 70 అనుకుంటే, అంత దూరాన ఉన్న గెలాక్సీ సెకనుకు 70 కిలోమీటర్ల వేగంతో, దానికి రెట్టింపు దూరాన ఉన్నది 140 కిలోమీటర్ల వేగంతో మన నుంచి జరిగిపోతుంటాయి. వినడానికి భారీగా ఉన్నా ఇది ఎంత నెమ్మదైన వ్యవహారమో ఒక చిన్న లెక్క చెబుతుంది. భూమికీ చంద్రుడికీ మధ్య దూరం ఇదే రేటున సాగితే ఏడాదికి రెండున్నర సెంటీమీటర్ల పైచిలుకు పెరగాలి. చంద్రుడు నిజంగానే ఏడాదికి 3.8 సెంటీమీటర్లు దూరం జరుగుతున్నాడు. కానీ అది సముద్రపు ఆటుపోట్ల వల్ల జరిగే పని, విశ్వవిస్తరణకూ దానికీ సంబంధం లేదు. గురుత్వాకర్షణ గట్టిగా పట్టి ఉంచిన చోట విస్తరణ పనిచేయదు. చంద్రుడు, సూర్యకుటుంబం, మన పాలపుంత ఏవీ దానివల్ల సాగడం లేదు. విస్తరణ రేటు కొలవాలంటే గెలాక్సీల మధ్య ఖాళీల్లోకి, కోట్ల కాంతి సంవత్సరాల అవతలికి పోక తప్పదు.

అంత దూరానికి మొదటి మెట్టు వేసిన మనిషి టెలిస్కోపు ముందు కూర్చున్నది తక్కువ, గాజు పలకల ముందు కూర్చున్నది ఎక్కువ. హార్వర్డ్ వేధశాలలో ఆకాశం ఫొటోలను పరిశీలించి నక్షత్రాల వెలుగు లెక్కకట్టే పని ఆడవాళ్లకు అప్పగించేవారు. వాళ్లను కంప్యూటర్లు అనేవారు. హెన్రియెట్టా స్వాన్ లీవిట్ వాళ్లలో ఒకరు. చెవుడు ఉండేది. గంటకు 30 సెంట్ల జీతం. దక్షిణాకాశపు ఫొటోలు పెరూలోని అరెకీపాలో తీసి ఓడల్లో పంపేవారు. అవి నెగెటివ్‌లు, అంటే ఆకాశం తెల్లగా, చుక్కలు నల్లగా ఉండే గాజు పలకలు. ఒక రాత్రి తీసిన నెగెటివ్ మీద మరో రాత్రి తీసిన ఫొటో తాలూకు పాజిటివ్‌ను సరిగ్గా ఆనించి పెడితే, మారని చుక్కలు ఒకదాన్నొకటి కప్పేసుకుంటాయి. వెలుగు మారిన చుక్క మాత్రం అంచు చుట్టూ నల్లగానో తెల్లగానో బయటపడుతుంది. ఆ చుక్క వెలుగు ఎంతో తేల్చడానికి చిన్న పిడి ఉన్న గాజు ముక్క ఒకటి ఉండేది. దాని మీద వరసగా చిన్న చుక్క నుంచి పెద్ద చుక్క దాకా గుర్తులుండేవి. దాన్ని పలక మీద జరుపుతూ ఏ గుర్తుకు సరిపోతోందో చూసి, భూతద్దంలోంచి తలెత్తి, అంకె రాసుకోవాలి. ఇలా మెజెల్లానిక్ మేఘాలు అనే రెండు పొరుగు గెలాక్సీల్లో ఆమె 1777 చంచల తారలను పట్టుకున్నారు. ఆ జాబితా 1908లో అచ్చయింది.

వాటిలో కొన్ని సెఫీడ్ జాతివి. ఈ తారల పొరల్లో ఉన్న హీలియం లోపలి వేడిని బయటికి పోనివ్వకుండా కాసేపు అడ్డుకుంటుంది. ఆ ఒత్తిడికి తార ఉబ్బుతుంది. ఉబ్బి చల్లబడగానే హీలియం అడ్డు తొలగుతుంది, వేడి పోతుంది, తార కుంచించుకుంటుంది. మళ్లీ మొదటికి. కొన్ని తారలకు ఈ చక్రం రెండు మూడు రోజులు, కొన్నిటికి నెలకు పైనే. (కదలకుండా నిలబడటానికి మనం ఎప్పుడూ ఉదాహరణగా చెప్పే ధ్రువతార కూడా సెఫీడే. దాని వెలుగు నాలుగు రోజులకోసారి కొద్దిగా పెరిగి తగ్గుతుంటుంది.) చిన్న మెజెల్లానిక్ మేఘంలోని 25 సెఫీడ్లను లీవిట్ వరసలో పెట్టి చూస్తే, ఎక్కువ వెలిగేవి నెమ్మదిగా మినుకుతున్నాయి, తక్కువ వెలిగేవి త్వరత్వరగా మినుకుతున్నాయి. అవన్నీ ఒకే మేఘంలో ఉన్నవి గనక మన నుంచి దాదాపు ఒకే దూరాన ఉన్నట్టు. కాబట్టి కనిపించే తేడా అసలైన తేడాయే. ఇక మినుకు కాలం కొలిస్తే తార అసలు వెలుగు తెలుస్తుంది. అసలు వెలుగు, కనిపించే వెలుగు తెలిస్తే దూరం తెలుస్తుంది. 1912లో వచ్చిన ఆ మూడు పేజీల ప్రకటన కింద సంతకం వేధశాల అధిపతి పికరింగ్‌ది. తయారుచేసింది మిస్ లీవిట్ అని మొదటి వాక్యంలో రాశాడు, అంతవరకు మేలు. 1925లో స్వీడన్ గణితజ్ఞుడు మిట్టాగ్-లెఫ్లర్ ఆమె పేరును నోబెల్‌కు ప్రతిపాదించాలని ఉత్తరం రాశాడు. అప్పటికి ఆమె క్యాన్సర్‌తో పోయి మూడేళ్లు దాటింది.

వేగాల పని అదే కాలంలో అరిజోనాలోని ఫ్లాగ్‌స్టాఫ్‌లో మొదలైంది. అక్కడి లోవెల్ వేధశాలలో వెస్టో స్లైఫర్ 24 అంగుళాల టెలిస్కోపుతో, ఒక్కో పలకకు గంటల తరబడి కాంతి పట్టించి, సుడి నీహారికల వర్ణపటాలు తీశాడు. 1912లో మొదట చూసింది ఆండ్రోమెడాను. అది సెకనుకు 300 కిలోమీటర్ల వేగంతో మన వైపే వస్తోంది! కానీ 1917 నాటికి కొలిచిన 25 నీహారికల్లో 21 దూరంగా పోతున్నవే. అవి మన పాలపుంతలోని వాయు మేఘాలా, బయటి గెలాక్సీలా అన్నది అప్పటికి ఎవరికీ తేలలేదు. తేల్చడానికి కావలసింది మళ్లీ దూరమే.

1923 అక్టోబరులో కాలిఫోర్నియాలోని మౌంట్ విల్సన్ మీద ఎడ్విన్ హబుల్ వంద అంగుళాల టెలిస్కోపుతో ఆండ్రోమెడాను ఫొటో తీశాడు. గాజు పలక మీద కొత్తగా కనిపించిన మూడు చుక్కల పక్కన ఇంకుతో ఎన్ అని రాసుకున్నాడు. నోవా, అంటే ఉన్నట్టుండి భగ్గుమన్న తార అని. తర్వాత పాత పలకలు తీసి పోల్చి చూస్తే వాటిలో ఒకటి నోవా కాదు, పెరుగుతూ తగ్గుతూ ఉన్న చంచల తార. ఎన్ కొట్టేసి, వేరియబుల్ అన్న మాటలో మొదటి మూడక్షరాలు పెద్దగా రాసి, పక్కన ఆశ్చర్యార్థకం పెట్టాడు. ఆ పలక ఇప్పటికీ ఉంది. మినుకు కాలం 31 రోజులు. లీవిట్ సూత్రం వేస్తే దూరం 9 లక్షల కాంతి సంవత్సరాల పైన. అంటే పాలపుంతకు బాగా వెలుపల, అది మరో గెలాక్సీ. (అసలు దూరం 25 లక్షలు. ఈ తేడా సంగతి ముందుముందు వస్తుంది.)

వేగాలను, దూరాలను జతచేసి చూసినవాళ్లలో హబుల్ మొదటివాడు కాదు. బెల్జియం మతాచార్యుడు, భౌతిక శాస్త్రజ్ఞుడు జార్జ్ లెమైత్ర్ 1927లో ఐన్‌స్టయిన్ సమీకరణాల నుంచి విస్తరించే విశ్వాన్ని రాబట్టి, అందుబాటులో ఉన్న కొలతలతో రేటు కూడా కట్టాడు. 625 వచ్చింది. అది ఫ్రెంచిలో, బ్రస్సెల్స్‌లోని చిన్న పత్రికలో అచ్చయింది. 1931లో ఇంగ్లిషులో మళ్లీ వేసినప్పుడు ఆ లెక్క ఉన్న భాగం మాయమైంది. హబుల్ కీర్తి కోసం ఎవరో కత్తిరించారని చాలాకాలం గుసగుసలు నడిచాయి. 2011లో బయటపడ్డ ఉత్తరంతో ఆ కథ తేలిపోయింది. అనువాదం చేసిందీ, ఆ పాత లెక్క మళ్లీ వేయడం దండగని తీసేసిందీ లెమైత్ర్ స్వయంగానే. 2018లో అంతర్జాతీయ ఖగోళ సంఘం ఓటింగు పెట్టి, హబుల్ నియమాన్ని ఇకమీదట హబుల్-లెమైత్ర్ నియమం అనాలని సిఫారసు చేసింది.

హబుల్ 1929 వ్యాసంలో 24 గెలాక్సీలున్నాయి. వేగాల్లో ఎక్కువ స్లైఫర్‌వే, అవి ఎక్కడివో మాత్రం ఆ వ్యాసంలో చెప్పలేదు. ఈ విషయంలో హబుల్‌ను వెనకేసుకు రావడం కష్టం. వచ్చిన రేటు సుమారు 500. ఆ తర్వాత ఇంకా దూరపు గెలాక్సీల వేగాలు కొలిచినవాడు మిల్టన్ హ్యూమసన్. పద్నాలుగేళ్లకే బడి మానేసి, కంచర గాడిదల మీద ఆ కొండకు సామాను తోలి, అక్కడే ఊడ్చి శుభ్రంచేసే పనిలో చేరి, చివరికి టెలిస్కోపు దాకా వచ్చిన మనిషి.

అయితే 500 అన్న అంకెతో పెద్ద ఇబ్బంది వచ్చింది. విస్తరణను వెనక్కి తిప్పుకుంటూ పోతే గెలాక్సీలన్నీ ఎప్పుడు ఒకచోట ఉన్నాయో లెక్క తేలుతుంది. 500 ప్రకారం అది 200 కోట్ల ఏళ్ల కిందట. 1940ల నాటికి భూమి వయసే 300 కోట్ల ఏళ్ల దాకా ఉంటుందని రేడియోధార్మిక లెక్కలు చెప్పడం మొదలైంది. విశ్వం కన్నా భూమి పెద్దదెలా అవుతుంది?

ఊళ్లో పొలాలు కొలిచే సర్వేయరు గొలుసులో ఒక లింకు తక్కువుందనుకోండి. తప్పు వచ్చేది ఒక్క పొలానికి కాదు, ఊరంతటికీ. పైగా అనుమానం వచ్చి పదిసార్లు కొలిచినా పదిసార్లూ అదే అంకె వస్తుంది. అంకె మారడం లేదు గనక కొలత సరైనదేనని నమ్మకం గట్టిపడుతుంది. హబుల్ స్థిరాంకం చరిత్రలో చేతులు వణికి జరిగిన తప్పులు లెక్కలోకి రావు. వచ్చినవన్నీ ఇలాంటి గొలుసు తప్పులే. వాటిని బయటపెట్టాలంటే అదే గొలుసుతో మళ్లీ కొలవడం కాదు, వేరే గొలుసు తేవాలి.

మొదటి లింకు తప్పును పట్టినవాడు వాల్టర్ బాడే. ఆయన జర్మన్. రెండో ప్రపంచ యుద్ధం వచ్చేసరికి శత్రుదేశీయుడిగా యుద్ధ పరిశోధనలకు దూరంగా ఉండిపోయాడు. మిగతావాళ్లంతా ఆ పనుల్లోకి పోతే వంద అంగుళాల టెలిస్కోపు దాదాపు ఆయన సొంతమైంది. కింద లాస్ ఏంజెలెస్‌లో దాడుల భయంతో దీపాలు ఆర్పేస్తుంటే కొండ మీద ఆకాశం చిక్కగా నల్లబడింది. ఆ చీకట్లో, ఎరుపును బాగా పట్టే పలకలతో, అప్పటిదాకా మసక ముద్దగా కనిపించిన ఆండ్రోమెడా నడిబొడ్డును విడివిడి తారలుగా చూడగలిగాడు. నడిమధ్య ముసలి తారలు, అంచుల సుడుల్లో పడుచు తారలు: 1944లో ఆయన ప్రకటించింది ఈ రెండు జాతులు. సెఫీడ్లు కూడా రెండు రకాలని, పడుచు జాతివి అంతకుముందు అనుకున్నదానికి నాలుగింతలు వెలిగేవని తేలడానికి ఇంకొన్నేళ్లు పట్టింది. పాలొమార్‌లో కట్టిన 200 అంగుళాల కొత్త టెలిస్కోపుకు ఆండ్రోమెడాలో తప్పక కనిపించాల్సిన ఆర్ఆర్ లైరే జాతి తారలు కనిపించలేదు. కనిపించలేదంటే ఆండ్రోమెడా అనుకున్నదానికన్నా దూరాన ఉందన్నమాట. 1952లో రోమ్ సమావేశంలో బాడే ఈ సంగతి చెప్పగానే గెలాక్సీల దూరాలన్నీ ఒక్క దెబ్బతో రెట్టింపయ్యాయి, విస్తరణ రేటు సగానికి పడిపోయింది.

రెండో తప్పు హబుల్ శిష్యుడు అలన్ శాండేజ్ పట్టాడు. సెఫీడ్లు కనిపించనంత దూరపు గెలాక్సీల్లో అన్నిటికన్నా మెరిసే తారను చూసి హబుల్ దూరం కట్టేవాడు. వాటిలో చాలా భాగం తారలే కాదు, కొత్త తారల వేడికి వెలుగుతున్న హైడ్రోజన్ మేఘాలు! ఒక్క తారకన్నా ఎన్నో రెట్లు వెలిగేవాటిని తారలనుకుంటే గెలాక్సీ దగ్గరలో ఉన్నట్టే తోస్తుంది. ఈ సవరణతో 1958లో శాండేజ్ చెప్పిన అంకె 75.

అక్కడితో ఆగిపోయుంటే బాగుండేది. డెబ్బైల్లో శాండేజ్, స్విట్జర్లండ్‌కు చెందిన గుస్టావ్ టామన్ కలిసి దూరాల నిచ్చెనను మళ్లీ మెట్టు మెట్టుగా కట్టుకొచ్చి 50 దగ్గర తేలారు. టెక్సస్‌లో ఉన్న ఫ్రెంచివాడు జెరార్ ద వొకులర్ 100 అన్నాడు. రెండు పక్షాలూ తమ అంకెలో పొరపాటు పది శాతం దాటదని రాసుకున్నాయి. అసలు అంకెల్లో తేడా ఏమో రెట్టింపు! శాండేజ్ వాదన ఇది: దూరానికి పోయేకొద్దీ మసక గెలాక్సీలు కంటికి ఆనవు, బాగా వెలిగేవే జాబితాలోకి ఎక్కుతాయి. వాటిని సగటు గెలాక్సీలనుకుని కొలిస్తే దూరం తక్కువ వస్తుంది, రేటు ఎక్కువ వస్తుంది. వొకులర్ వాదన వేరు: ఒకే పద్ధతిని నమ్ముకుంటే ఆ పద్ధతి తప్పయినప్పుడు అంతా పోతుంది గనక పది పద్ధతులు వాడి సగటు తీయాలి. చదువుతుంటే రెండూ సబబే అనిపిస్తాయి. ఇద్దరి అంకెలూ తప్పని తర్వాత తేలింది. నా ఉద్దేశంలో ఈ పాతికేళ్ల తగువు నుంచి గుర్తుంచుకోవలసింది ఆ పక్కన రాసిన పది శాతం. అంకె తప్పుకావడం పెద్ద విశేషం కాదు, తప్పు ఎంత ఉండొచ్చన్న అంచనాయే మూడు నాలుగింతలు తప్పింది.

ఈ పంచాయితీ తేల్చడం కోసమే హబుల్ అంతరిక్ష టెలిస్కోపుకు ముఖ్యమైన పనుల్లో ఒకటిగా విస్తరణ రేటును పెట్టారు. 1990లో ఎగిరింది, అద్దం లోపంతో చూపు మసకబారింది, 1993 డిసెంబరులో వ్యోమగాములు వెళ్లి సరిచేశారు. వెండీ ఫ్రీడ్‌మన్ తదితరుల బృందం దాంతో ఆరు కోట్ల కాంతి సంవత్సరాల అవతలి గెలాక్సీల్లో కూడా సెఫీడ్లను ఏరింది. 2001లో వాళ్ల తుది అంకె 72, అటూఇటుగా 8.

సెఫీడ్లకు ఆవల మెట్టు ఒకటో-ఏ రకం సూపర్‌నోవా. చనిపోయిన నక్షత్రపు శేషం, శ్వేత కుబ్జ తార, పక్క తార నుంచి పదార్థం గుంజుకునో, మరో కుబ్జ తారతో కలిసో పేలిపోతే వచ్చేది ఇది. కుబ్జ తార బరువుకు ఒక హద్దు ఉందని, అది సూర్యుడికి 1.4 రెట్లని మనకు చెప్పినవాడు సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్. 1930లో మద్రాసు నుంచి చదువుకోసం ఇంగ్లండు పోతూ, పంతొమ్మిదేళ్ల వయసులో, ఓడలో మొదలుపెట్టిన లెక్క. పేలేవన్నీ ఇంచుమించు ఒకే రకం సరుకు గనక పేలుడు వెలుగు కూడా ఇంచుమించు ఒకటే. పూర్తిగా ఒకటి కాదు. నెమ్మదిగా ఆరిపోయేవి ఎక్కువ వెలుగుతాయని 1993లో మార్క్ ఫిలిప్స్ చూపించాక ఆ తేడాను సవరించే దారి దొరికింది. 1998లో విస్తరణ నెమ్మదించడం లేదు, జోరందుకుంటోందని కనిపెట్టి, 2011 నోబెల్ తెచ్చిపెట్టింది ఈ పేలుళ్లే. ఆ కథకు వేరే అధ్యాయమే కావాలి.

వస్తువు అసలు వెలుగును చెప్పే ఆనవాలు దాని కాంతిలోనే వెతకడం ఈ విద్య మొత్తానికి మూలం. అలాంటి ఆనవాలు ఒకటి హైదరాబాదులో పెరిగిన వేణు బప్పు పేరుతోనూ ఉంది. తండ్రి నిజామియా వేధశాలలో పనిచేసేవారు. బప్పు నిజాం కాలేజీలో చదివి, హైదరాబాదు సంస్థానం ఇచ్చిన స్కాలర్‌షిప్పుతో హార్వర్డ్ వెళ్లారు. 1957లో ఓలిన్ విల్సన్‌తో కలిసి చల్లటి తారల కాల్షియం గీతలను పరిశీలిస్తే, మొదట్లో చెప్పుకున్న 393.4 గీత నడుమ సన్నటి మెరుపు కనిపించింది. ఆ మెరుపు ఎంత వెడల్పుంటే తార అసలు వెలుగు అంత ఎక్కువ. విల్సన్-బప్పు ప్రభావం అని ఖగోళ పాఠ్యపుస్తకాల్లో ఉంది. దగ్గరి తారలకే పనికొస్తుంది, గెలాక్సీల దాకా చేరదు. ఆలోచన మాత్రం లీవిట్‌ది ఎలాంటిదో ఇదీ అలాంటిదే.

ఇప్పటి తగువుకు వద్దాం. ఆడమ్ రీస్ బృందం 2022లో నిచ్చెన మొత్తాన్ని బిగించి ఇచ్చిన అంకె 73.04, అటూఇటుగా 1.04. కింది మెట్టుకు గయా ఉపగ్రహం కొలిచిన తారల దూరాలు, పెద్ద మెజెల్లానిక్ మేఘానికి జంట తారలతో కట్టిన దూరం, 2 కోట్ల 47 లక్షల కాంతి సంవత్సరాల అవతల ఒక గెలాక్సీ నడుమ తిరిగే నీటి ఆవిరి మేఘాల రేడియో కొలత ఉన్నాయి. మూడూ వేర్వేరు గొలుసులు. మధ్య మెట్టు సెఫీడ్లు, పై మెట్టు సూపర్‌నోవాలు.

రెండో అంకె పూర్తిగా వేరే తోవలో వచ్చింది. విశ్వం పుట్టిన 3 లక్షల 80 వేల ఏళ్లకు విడుదలైన కాంతి ఇప్పటికీ మైక్రోవేవ్‌ల రూపంలో అన్ని దిక్కుల నుంచీ వస్తోంది. అప్పటి వేడి ద్రవ్యంలో శబ్ద తరంగాలు అంతదాకా ఎంత దూరం పాకి ఉంటాయో భౌతికశాస్త్రం లెక్కకట్టి చెప్పగలదు. ఆ దూరం ఆకాశంలో ఎంత కోణంలో కనిపిస్తోందో యూరప్‌వాళ్ల ప్లాంక్ ఉపగ్రహం కొలిచింది. నిండు చంద్రుడి వెడల్పుకన్నా కాస్త ఎక్కువ. అసలు పొడవు, కనిపించే కోణం తెలిశాక, విశ్వంలో ఉన్న సరుకుల పద్దు, అంటే మామూలు ద్రవ్యం, కృష్ణ పదార్థం, కృష్ణశక్తి ఎంతెంతో తేల్చుకుని ఇవాళ్టికి లెక్క నడిపిస్తే విస్తరణ రేటు 67.4 వస్తుంది, అటూఇటుగా 0.5. ఇది ఇవాళ్టి విశ్వం మీద చేసిన కొలత కాదన్నది గమనించాలి. బాల్యంలో ఉన్న విశ్వాన్ని చూసి, మనకు తెలిసిన నియమాలు నిజమైతే ఇప్పుడు ఇంత ఉండాలి అని చెప్పిన జోస్యం.

ఎనిమిది శాతం తేడా. ఒకప్పటి 50, 100 తేడా ముందు ఇదెంత అనిపిస్తుంది. కానీ అప్పుడు కాగితం మీద రాసుకున్న దోష పరిమితులు నమ్మదగ్గవి కావు. ఇప్పటివి ఎవరికి వారు తూట్లు పొడవడానికి ప్రయత్నించి, పొడవలేక ఒప్పుకున్నవి. ఒక పెద్ద అనుమానం ఉండేది: దూరపు గెలాక్సీల్లో సెఫీడ్ పక్కనే ఆనుకుని ఉన్న వేరే తారల వెలుగు కూడా దాని ఖాతాలో పడుతోందేమో, అందుకే రేటు ఎక్కువ వస్తోందేమో అని. హబుల్ హైడ్రోజన్ మేఘాలను తారలనుకున్న తప్పుకు ఇది వారసురాలు. జేమ్స్ వెబ్ టెలిస్కోపు పరారుణ కాంతిలో అంతకన్నా నిశితంగా చూస్తుంది గనక అవే సెఫీడ్లను దాంతో మళ్లీ చూశారు. 2023, 2024లలో వచ్చిన ఫలితాల్లో దూరాలు మారలేదు. ఆ అనుమానం తీరింది.

అన్నీ తీరలేదు. 72 చెప్పిన ఫ్రీడ్‌మన్ ఇప్పుడు సెఫీడ్లను మాత్రమే నమ్మడం మానేశారు. ముసలి ఎర్ర తారలు ఒక గరిష్ఠ వెలుగుకు చేరి ఠక్కున ఆగిపోతాయి. ఆ అంచును కొలమానంగా తీసుకుని 2019లో ఆమె బృందం 69.8 అంది. వెబ్‌తో సెఫీడ్లు, ఎర్ర తారలు, కార్బన్ తారలు మూడూ కలిపి చూసినా 70 దరిదాపుల్లోనే ఉంది. మీ నమూనాలో సూపర్‌నోవాలు మరీ తక్కువ, అవి ఎలా పడితే అంకె అలా ఊగుతుంది అని రీస్ పక్షం జవాబు. వాదన మర్యాదగానే సాగుతోంది, శాండేజ్ రోజుల్లాగా లేదు.

సిద్ధాంతకర్తలు మాత్రం తేడా నిజమేననుకుని మందులు వెతుకుతున్నారు. విశ్వం బాల్యంలో కొద్దికాలం ఉండి మాయమైన అదనపు కృష్ణశక్తి ఒకటి ఉంటే శబ్ద తరంగాల పొడవు కాస్త తగ్గి, రేటు 73 వైపు జరుగుతుంది. చక్కగానే ఉంటుంది గానీ ఆ మందు వేస్తే గెలాక్సీల గుంపుల లెక్క ఇంకోచోట పాడవుతుంది. ఇప్పటివరకు వచ్చిన మందులన్నిటికీ ఇలాంటి దుష్ఫలితం ఏదో ఒకటి ఉంది. నన్ను ఎటో ఒక వైపు నిలబడమంటే, భౌతికశాస్త్రాన్ని మార్చేముందు నిచ్చెనతో పనిలేని మరో కొలత కోసం ఆగమంటాను. ఈ అంకె గతం తెలిసినవాళ్లకు ఆ మాత్రం ఓపిక ఉండాలి.

అలాంటి కొలత ఒకటి 2017 ఆగస్టు 17న దొరికింది. రెండు న్యూట్రాన్ తారలు ఒకదాని చుట్టూ ఒకటి తిరిగి తిరిగి ఢీకొంటే పుట్టిన గురుత్వ తరంగాలు అమెరికాలోని లైగో, ఇటలీలోని విర్గో పరికరాలను తాకాయి. రెండు సెకన్ల లోపే గామా కిరణాలు వచ్చాయి. పదకొండు గంటల తర్వాత చిలీలోని ఒక మీటరు టెలిస్కోపు ఆ వెలుగును ఎన్‌జీసీ 4993 అనే గెలాక్సీలో పట్టింది. ఆ టెలిస్కోపు పేరు స్వోప్. బాడేతో కలిసి ఆండ్రోమెడా సెఫీడ్లను కొలిచి, తన సొమ్ము టెలిస్కోపు కోసం ఇచ్చిన హెన్రియెట్టా స్వోప్ పేరు అది.

ఈ పద్ధతిలో మెట్లు లేవు. తారలు దగ్గరవుతున్నకొద్దీ తరంగాల పౌనఃపున్యం ఎంత త్వరగా పెరుగుతోందో చూస్తే ఆ జంట బరువు తెలుస్తుంది. బరువు తెలిస్తే తరంగం బయల్దేరినప్పుడు ఎంత బలంగా ఉందో సాపేక్ష సిద్ధాంతం చెబుతుంది. మనకు చేరిన బలంతో పోలిస్తే దూరం వచ్చేస్తుంది: సుమారు 13 కోట్ల కాంతి సంవత్సరాలు. సెఫీడ్ అక్కర్లేదు, సూపర్‌నోవా అక్కర్లేదు. గెలాక్సీ వేగం మామూలుగానే వర్ణపటం నుంచి. వచ్చిన విస్తరణ రేటు 70. అయితే పైకి 12, కిందికి 8 తేడా ఉండొచ్చు. 67కూ 73కూ అందులో చోటుంది. ఇంత వెసులుబాటుకు ముఖ్య కారణం ఆ జంట తిరిగే కక్ష్య మన వైపు ఎంత వాలి ఉందో కచ్చితంగా తెలియకపోవడం. నిలువుగా మనకేసి చూస్తున్న దూరపు జంటా, పక్కకు వాలిన దగ్గరి జంటా ఇంచుమించు ఒకే బలంతో వినిపిస్తాయి.

వాలును విడదీసి చెప్పాలంటే భూమి మీద వేర్వేరు చోట్ల, వేర్వేరు దిశల్లో పరచిన పరికరాలు మరిన్ని కావాలి. బాసర దాటి నాందేడ్ మీదుగా వెళితే వచ్చే మహారాష్ట్ర హింగోలి జిల్లాలో అలాంటిది ఒకటి కట్టడానికి 2023 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం 2,600 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. ఒక్కోటి నాలుగు కిలోమీటర్ల పొడవున, లంబంగా రెండు గొట్టాలు. వెలుగుతో సహా ఇలాంటి న్యూట్రాన్ జంటలు ఓ యాభై దొరికితే విస్తరణ రేటు రెండు శాతం కచ్చితత్వంతో తేలుతుందని అంచనా. 67, 73లలో ఏదో ఒకదాన్ని పక్కన పెట్టడానికి అది చాలు. 2017 తర్వాత గురుత్వ తరంగాల సంకేతాలు వందల్లో వచ్చాయి. వాటిలో దాదాపు అన్నీ కృష్ణబిలాల జంటలవే. వాటికి వెలుగుండదు, ఏ గెలాక్సీలో జరిగిందో తెలియదు. వెలుగుతో సహా పట్టుబడిన న్యూట్రాన్ జంట ఇప్పటికి ఆ ఒక్కటే.